కల్లం దగ్గర పాడే చరణం

ఈమధ్య పాటలు కట్టి పాడదామనుకునే పిల్లలు కొందరు నన్ను వెతుక్కుంటూ నందిగామ వస్తున్నారు. వచ్చినవాళ్లు మొదట గొంతు గురించి అడుగుతారు. మిరియాల పాలు తాగాలా, పచ్చి చన్నీళ్లు మానేయాలా అని. మిరియాల పాలు నేనూ చాలా ఏళ్లు తాగాను. గొంతు ఎంత బాగుపడిందో చెప్పలేను గానీ పాలు మాత్రం రుచిగా ఉంటాయి. తర్వాత పాట ఎలా కట్టాలని అడుగుతారు. దానికి జవాబు నాకు కొంత తెలుసు. మూడో ప్రశ్న ఒకటుంది. పాట ఎవరిదో ఎలా తెలుసుకోవాలి అన్నది. అది ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు.

వాళ్ల వయసులో నేనూ అడగలేదు. అడగకపోవడం వల్ల చందర్లపాడు పక్కన ఒక పల్లెలో ఒక మనిషి పరువు రెండుసార్లు తీశాను. మొదటిసారి తెలియక తీశాను. రెండోసారి మేలు చేస్తున్నాననుకుని తీశాను. రెండోదే పెద్ద తప్పు.

అందుకే ఇది రాస్తున్నాను. ఉద్యోగం పర్మనెంటు కావడం, కప్పిన శాలువాలు, రిటైరైన రోజు సభ ఇవేవీ ఇందులో ఉండవు. శాలువాలు మా ఇంట్లో ట్రంకుపెట్టెలో ఉన్నాయి. చూడాలనుకున్నవాళ్లు వచ్చి చూడొచ్చు.

పాట ఉద్యోగం

మాది జగ్గయ్యపేట దగ్గర చిన్న పల్లె. అమ్మా నాన్నా కూలికి వెళ్లేవాళ్లు. ఆదివారం చర్చిలో పాస్టరుగారి భార్య హార్మోనియం వాయిస్తే పిల్లలం పాడేవాళ్లం. స్వరం నిలబెట్టడం ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. చరణం చివర గొంతు జారిపోతే ఆవిడ వాయించడం ఆపి నావంక చూసేది. తిట్టేది కాదు. ఆ చూపు కంటే నాలుగు తిట్లు నయం.

ఎనిమిదో తరగతి తర్వాత రెండేళ్లు జగ్గయ్యపేటలో ఒక బుర్రకథ దళంలో వంత పాడాను. యాభైల చివర్లో సర్కారు ప్రచార శాఖలో పాటగాడిగా చేరాను. పంటలు, ఎరువులు, చదువు, పొదుపు, వీటి మీద పాట కట్టి, వ్యానులో ఊరూరా తిరిగి పాడాలి. జనం చప్పట్లు కొడితే ఆఫీసరుగారు సంతోషిస్తారు. జనం పాట విని ఏం చేశారో మాత్రం ఎవరూ వెనక్కి వెళ్లి చూసేవాళ్లు కాదు.

నేను కట్టిన మొదటి పాట కంపోస్టు గుంట మీద. ఎన్ని అడుగులు తవ్వాలో, ఏమేం వేయాలో వరసగా చెప్పి, ఆఖర్న బంగారం పండుతుందని ముగించాను. ఆర్నెల్ల తర్వాత అదే ఊరికి మళ్లీ వెళితే ఒక రైతు నన్ను పట్టుకున్నాడు.

"అబ్బాయ్, గుంట తవ్వమని చెప్పావు. చెత్త వేయమన్నావు. పైన మట్టి కప్పాలని నీ పాటలో చెప్పావా?"

"లేదండి."

"అదే చూస్తున్నా. నీ పాట విని తవ్వినోళ్ల ఇళ్లల్లో ఈగలకి అన్నం తినలేకపోతున్నాం. మా ఆవిడ నిన్ను రోజూ తలుచుకుంటంది."

నవ్వుకున్నాను గానీ భయం కూడా వేసింది. నేను నోటికొచ్చింది పాడితే జనం దాన్ని నమ్మి గుంటలు తవ్వుతున్నారు. ఆ భయం నాలో నిలిచి ఉంటే ఈ కథంతా జరిగేదే కాదు. అది నాలుగు రోజుల్లో పోయింది.

మా ఆఫీసరుగారు చెడ్డవాడు కాదు. మమ్మల్ని ఆకలితో ఉంచలేదు, ఎండలో నిలబెట్టలేదు. పాట వింటూ వాచీ చూసుకునే అలవాటు ఒక్కటే ఉండేది. ఒకరోజు పిలిచి, "నీ బాణీలన్నీ చర్చి బాణీల్లా ఉన్నాయయ్యా. చేలల్లోకి వెళ్లు, జనం పాడుకునేవి విను. బాణీ వాళ్లది తీసుకో, మాట మనది పెట్టు," అన్నారు. ఆ మాట నాకు ఎంతో గొప్పగా అనిపించింది. మొదటి సగం ఇప్పటికీ నిజమే అంటాను. రెండో సగం మీద నాకు ఇప్పుడు వేరే అభిప్రాయం ఉంది.

మిరపచేలో పాట

అరవైల మొదట్లో, మిరప కోతల కాలంలో చందర్లపాడు వెళ్లాను. అప్పటికి కాలవ నీళ్లు రాలేదు. అంతా మెట్ట సేద్యం, జొన్న, కంది, పత్తి, కాస్త నీటి వసతి ఉన్నచోట మిరప. ఊరికి మైలు దూరంలో పదిహేనుమంది ఆడవాళ్ల ముఠా పండుకాయలు కోస్తోంది. ముఠాకి ముందు నడిచే ఆమె దీవెనమ్మ. నలభై దాటి ఉంటుంది, సన్నగా పొడుగ్గా ఉండేది. ఆమె ఒక పంక్తి ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకునేవాళ్లు. నేను గట్టు మీద కూర్చుని నోటుపుస్తకం తెరిచాను.

ఎర్రని పంటమ్మా ఎవరింటి పంటమ్మా
ఏరేరి వేళ్లు మండె ఏ నీళ్ల కడగనమ్మా

ఇది పల్లవి. మిరపకాయలు రోజల్లా కోస్తే వేళ్లు ఎలా మండుతాయో కోసినవాళ్లకే తెలుసు. ఆ మంట చల్లార్చుకోవడానికి చరణానికొక చోట నీళ్లు అడుగుతూ పోతుంది పాట. మొదటి చరణం ఆ పక్కన పారే మున్నేటిది.

మున్నేటి నడిగాను ముందు ఇసుక తోడమంది
తోడి తోడి చూసేలోగా పొద్దు కాస్త వాలిపాయె

రెండోది బావిది.

ఊరబావి నడిగాను దూరాన నిలవమంది
నిలిచి నిలిచి చూసేలోగా నీడ కాస్త సాగిపాయె

తర్వాత చెరువును అడుగుతుంది, మబ్బును అడుగుతుంది. ఐదో చరణంలో ఆసామి ఇంటి మజ్జిగకుండను అడుగుతుంది. కుండ ఏమందో ఇక్కడ రాయను. ఆ చరణం దగ్గర ఆడవాళ్లంతా నడుములు పట్టుకుని నవ్వారు, గట్టు మీద నిలబడి ఉన్న ఆసామి కూడా ఇటు తిరిగి నవ్వుకున్నాడు.

నాకు ఆ పూట నిధి దొరికినంత సంబరం కలిగింది. ఇలాంటి పాట ఎలా పుట్టింది, ఎక్కడ పుట్టింది, ఎన్ని తరాల కిందటిది అని నాలో నేనే ఆలోచిస్తూ కూర్చున్నాను. పదడుగుల దూరంలో పదిహేనుమంది మనుషులున్నారు, వాళ్లను ఒక్క ముక్క అడగలేదు. చేలో పాడే పాట గాలికి పుట్టినట్టు పుడుతుందని నా నమ్మకం. ఎవరో ఒకరు నోరు తెరిచి మొదలుపెడితే తప్ప ఏ పాటా పుట్టదని నాకు తెలియదా? నా పాటలన్నీ నేను జుట్టు పీక్కుంటే పుట్టినవే కదా.

మధ్యాహ్నం అన్నాల దగ్గర దీవెనమ్మే నన్ను పలకరించింది.

"రాసుకున్నావా తమ్ముడూ?"

"ఐదు చరణాలు రాసుకున్నానక్కా. చాలా బాగుంది."

"సాయంత్రం దాకా ఉండు. కల్లం కాడ ఇంకోటి ఉంటది."

"బస్సు తప్పిపోద్దక్కా. ఐదు చాల్లే."

ఆమె అన్నం గిన్నె కడుక్కుని చేలోకి వెళ్లిపోయింది. నేను పరుగెత్తి బస్సు ఎక్కాను. ఆ బస్సు దారిలో చెడిపోయి రెండు గంటలు ఆగింది కూడా. ఉండమన్నచోట ఉంటే కల్లమూ చూసేవాణ్ణి, తర్వాతి బస్సుకు ఇల్లూ చేరేవాణ్ణి.

రేడియో పాట

మా ఆఫీసరుగారికి పాట నచ్చింది. ఎంత నచ్చిందంటే వాచీ చూసుకోలేదు. మాటలు మార్చొద్దు, ఇలాగే పాడు అని, బెజవాడలో రేడియోవాళ్లకు పరిచయం చేశారు. పల్లెటూళ్ల కార్యక్రమంలో పాడాను. జానపద గీతం, సేకరించి పాడినవారు ఫలానా అని నా పేరు చదివారు.

నిజానికి ఒక్కచోట మాట మార్చాను. ఊరబావి దూరాన నిలవమంది అన్నదాన్ని, చేద తెచ్చుకొమ్మంది అని మార్చాను. మార్చమని ఎవరూ చెప్పలేదు. రేడియోవాళ్లు అనలేదు, ఆఫీసరు అనలేదు. ఎవరికైనా కష్టం కలుగుతుందేమోనని వాళ్లకంటే ముందే నేను భయపడ్డాను. మాదీ కూలి చేసుకునే పల్లే. ఊరబావి దగ్గర మా అమ్మ ఎంత దూరంలో నిలబడేదో చూసినవాణ్ణే. అయినా మార్చాను. ఇందుకు నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

అప్పట్లో పంచాయతీ ఆఫీసుల్లో రేడియో ఉండేది. సాయంత్రం మైకు పెట్టేవాళ్లు, ఊరంతా వినేది. ఆ పాట మూడు నాలుగుసార్లు వచ్చేసరికి ఎక్కడికి వెళ్లినా మిరప పాట పాడమనేవాళ్లు. నాకు తల తిరిగిపోయిందనే చెప్పాలి. కొత్త జోళ్లు కొనుక్కున్నాను. నడక కూడా కాస్త మారిందని మా ఆవిడ అంటుంది.

మరుసటి ఏడు కోతల కాలంలో మా వ్యాను చందర్లపాడు వచ్చింది. నేను మిరప పాటే ఎత్తుకున్నాను. మగవాళ్లు చప్పట్లు కొట్టారు. ఆడవాళ్లు కొందరు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకుని నవ్వారు. ఆ నవ్వు నాకు అర్థం కాలేదు. పాట అయ్యాక ఒక అమ్మాయిని అడిగాను. వేరే ముఠాలో పనిచేసే పెళ్లయిన పిల్ల.

"ఎందుకమ్మా నవ్వారు?"

"ఏం లేదండి. ఇక్కడ దీవెనమ్మ ముఠా అని ఉంది. మీ రేడియో పాట ఎత్తుకొచ్చి మాదేనని పాడుకుంటారు. కల్లం కాడ పేరు కూడా పెట్టుకుంటారు. అందరూ ఎగతాళి చేస్తే ఈ ఏడు నోరు మూసుకున్నారు."

అప్పుడు వెలిగింది నాకు. కల్లం దగ్గర ఉన్న ఆ చరణంలో పేరు ఉంది. అంటే పాట కట్టిన మనిషి ఉంది, బతికే ఉంది. సొంత పాట పాడుకున్నందుకు ఆమెకు దొంగ అని పేరు వచ్చింది. ఆ పేరు తెచ్చింది నేను. ఎవరు కట్టారన్నది నాకు సందేహమే రాలేదు. ముందు నడిచేది, పాట ఎత్తుకునేది దీవెనమ్మ, కాబట్టి దీవెనమ్మే కట్టిందనుకున్నాను. ఆ పిల్లను ఇంకొక్క ప్రశ్న అడిగి ఉండాల్సింది.

ఆ మధ్యాహ్నమే చేలోకి వెళ్లాను. ముఠా మౌనంగా కాయలు కోస్తోంది. పాట లేని మిరపచేను ఎలా ఉంటుందో అప్పుడు చూశాను. గంపలో కాయలు పడే చప్పుడు తప్ప ఏమీ లేదు. దీవెనమ్మ నన్ను చూసి తల తిప్పుకోలేదు. అది ఇంకా కష్టంగా అనిపించింది.

"తప్పయిపోయిందక్కా. పాట మీదని రేడియోలో చెప్పలేదు."

"నువ్వు తెలిసి చేశావా?"

"తెలియక చేశా."

"మరి తెలుసుకో. రేపు ఆఖరి కోత. చేలో మానుకున్నా కల్లం కాడ మానం. పొద్దుగూకేదాకా ఉండు. ఆ చరణం విను. తర్వాత ఏం చెప్పుకుంటావో చెప్పుకో."

"రేపు నాకు బెజవాడ రేడియోలో కార్యక్రమం ఉందక్కా. ఈ పాటే పాడాలి. రేపే సరిచేసేస్తా, చూడు."

"తమ్ముడూ, ముందు విని పో," అంది ఆమె.

నేను వినలేదు. మంచిపని చేయబోతున్నానన్న తొందర నాది. ఆమె గట్టు దాకా నా వెనకే వచ్చింది. అప్పటికే నా మనసులో చరణం తయారవుతోంది, ఆమె మాట చెవిన పడితేనా.

నేను చేర్చిన చరణం

అప్పట్లో రేడియో కార్యక్రమం రికార్డు చేయకుండా నేరుగా వెళ్లేది. నోట్లోంచి వచ్చిన మాట ఊళ్లకు పోయేది, మధ్యలో తుడిచే దారి లేదు. ఐదు చరణాలు పాడి, ఆపకుండా ఆరోది పాడాను.

చందర్లపాటి చేలల్లో దీవెనమ్మ కట్టిన పాట
దారిన పోయే నేను విని దాచకుండ చెప్పే మాట

చరణంగా చూస్తే బాగానే ఉంది. అందుకే నాకు చదివితే సిగ్గుగా ఉంటుంది. బాగా కుదిరిన అబద్ధం అది.

మా ఆఫీసరుగారు మండిపడ్డారు. "జానపదమన్నాక కట్టినవాళ్లు ఉండరయ్యా. ఉంటే అది జానపదం కాదు. ఏదో ఒకటి తేల్చుకో," అని మూడు నెలలు రేడియో వైపు వెళ్లనివ్వలేదు. ఆయన మాట తప్పని నేను చాలా ధైర్యంగా చెప్పాను. ఆ మూడు నెలల్లో నన్ను నేను పెద్ద త్యాగమూర్తినని అనుకున్నాను కూడా. ఆయన పాట కట్టినవాళ్లు అసలు లేరన్నారు, నేను ఒక్కళ్లే ఉన్నారన్నాను. అడిగి తెలుసుకోవడం ఇద్దరమూ చేయలేదు.

వేసవిలో తీరిక చూసుకుని చందర్లపాడు వెళ్లాను. దీవెనమ్మ సంతోషిస్తుందని, కనీసం కూర్చోమని మంచినీళ్లు ఇస్తుందని అనుకున్నాను. ఆమె ఇంటి ముందు పందిట్లో ఒక్కతే కూర్చుని చింతకాయలు కొడుతోంది. నీళ్లు ఇచ్చింది. కూర్చోమంది. ఆ తర్వాత చెప్పింది.

"మొదటిసారి నువ్వు పాడినప్పుడు లోకం నన్ను దొంగంది. నాకు నొప్పి లేదు, నేను కాదని మావాళ్లకి తెలుసు. ఇప్పుడు మావాళ్లకే నన్ను దొంగని చేశావు తమ్ముడూ."

నాకు ఏమీ అర్థం కాలేదు.

"ఆ పాటలో నాదంటూ ఒక్క చరణం లేదు. నాకు కట్టడం రాదు, ఎత్తుకోవడం వచ్చు. ఐదు చరణాలు ఐదుగురు కట్టారు. ఆఖరి గంప కల్లంలో పోసేటప్పుడు నేను అడుగుతా, ఎవరి వేళ్లు మండెనమ్మా అని. కట్టినోళ్లు వాళ్ల పేరు వాళ్లే చెప్పుకుంటారు. అదే ఆ చరణం. ఒకళ్ల పేరు ఇంకోళ్లు చెప్పగూడదు."

"ఉండమన్నది అందుకా?"

"మరెందుకనుకున్నావు?"

ఆ సాయంత్రం కల్లం చేరేలోపే రేడియోలో దీవెనమ్మ కట్టిన పాట అని విని ముఠా విరిగిపోయింది. ఆఖరి కోతకు ముందురోజు నేను ఆమెతో గట్టు మీద మాట్లాడటం అందరూ చూశారు. తన పేరు పెట్టమని ఆమే నాకు చెప్పిందని అనుకున్నారు. అనుకోరా మరి? పన్నెండేళ్లుగా ఆమె వెనక నడిచిన మనుషులు. ఒకామె వేరే ముఠాలో చేరింది. ఒకామె మాట మానేసింది. ఇద్దరు ఊరే విడిచి వెళ్లారు, వెళ్తూ చెప్పి వెళ్లలేదు.

"ఇంకోసారి రేడియోలో చెప్తానక్కా. ఐదుగురి పేర్లూ చెప్తా."

అప్పుడు మాత్రం ఆమెకు కోపం వచ్చింది. చేతిలో చింతకాయ కింద పెట్టింది.

"ఇంక నీ రేడియో వద్దు. అందులో నువ్వు చెప్తావు, మేం వింటాం. మాకు తిరిగి చెప్పే దారి ఉందా? కాళ్లున్నాయిగా నీకు. ఇంటింటికీ పో."

ఐదు గుమ్మాలు

సైకిలు మీద వెళ్లాను. నా పాతికేళ్ల పైచిలుకు ఉద్యోగంలో నేర్చుకున్నది ఒక ఎత్తు, ఆ వేసవిలో నేర్చుకున్నది ఒక ఎత్తు. ఏ గుమ్మం దగ్గరైనా మొదటి మాట ఒకటే. దీవెనమ్మ పెట్టమనలేదు, ఆమెను అడక్కుండా నేనే పెట్టాను. ఆ మాట చెప్పాక వాళ్లు లోపలికి రమ్మంటే వెళ్లాను, అనకపోతే బయటే నిలబడ్డాను.

మున్నేటి చరణం మార్తమ్మది. ఒక ఎండాకాలం చెలమ తోడుతూ తోడుతూ ఏడుపొచ్చి, ఏడవడం ఇష్టం లేక పాడిందట. ఇసుక తోడటం ఎంతసేపు పడుతుందో అంతసేపు పడుతుంది ఆ పంక్తి పాడటానికి అని చేతులతో తోడుతూ చూపించింది. నేను ఆ పంక్తిని ఎప్పుడూ తొందరగా పాడేవాణ్ణి. చెరువు చరణం కరుణమ్మది. ఆమె మొదటి రోజు తలుపు తీయలేదు, రెండో రోజు తీసింది.

మబ్బు చరణం కట్టిన చిట్టెమ్మ అప్పటికే చనిపోయింది. కూతురు రాహేలు ఉంది, టీచరు ట్రైనింగు స్కూల్లో చదువుకుంటోంది. కట్టిన మనిషి లేకపోతే బిడ్డ చెప్పొచ్చని, ముఠా రెండేళ్లుగా చిట్టెమ్మ పేరును రాహేలు చేత చెప్పిస్తోందట. "మా అమ్మ పేరు బయట గట్టిగా పలికేది ఏడాదికి ఆ ఒక్కరోజేనండి. ఈ ఏడు అదీ లేదు," అంది ఆ పిల్ల. నేను చేసిన నష్టం ఎంతో నాకు పూర్తిగా తెలిసింది అక్కడ.

మజ్జిగకుండ చరణం కట్టిన వెంకాయమ్మ గరికపాడులో కూతురింటికి వెళ్లిపోయింది. ఐదుగురిలో ఆమె ఒక్కతే నన్ను చూసి నవ్వింది. ఆమె పుట్టింది కూడా ఆ సరిహద్దు పక్కనే కావడంతో మాటలో తెలంగాణ యాస ఉండేది.

"ఏంది, రేడియో అయ్యగారు మా ఇంటికొచ్చిండా? దీవెనమ్మ పెట్టమన్లేదా? అదీ సంగతి. నేను అనుకుంటనే ఉన్నా, ఆమె అట్లాంటి మనిషి కాదని."

"మరి అడగలేకపోయారా?"

"నువ్వు అడిగినావా?"

ఆ తర్వాత ఆ మజ్జిగ ఆసామి గురించి గంటసేపు చెప్పింది. వాటిలో ఒక్కటీ అచ్చు వేయడానికి పనికిరాదు.

బావి చరణం సుగుణమ్మది. ఆమె రెడ్డిగూడెంలో అత్తవారి దగ్గరికి చేరింది. ఎండలో సగం రోజు ప్రయాణం. నేను చెప్పిందంతా విని, దీవెనమ్మ సంగతి పక్కన పెట్టి, వేరే మాట అడిగింది.

"చేద తెచ్చుకొమ్మంది అని ఎందుకు పాడావు?"

నేను ఏదో చెప్పబోయాను. ఆమె ఆపింది.

"నాకు చేద లేక కాదు నాయనా. చేద నా చేతిలోనే ఉంది. చేద పట్టుకుని నిలబడ్డా, ఎవరో వచ్చి తోడి పొయ్యాలని. నువ్వు పాడినట్టు పాడితే నేను చేద మర్చిపోయొచ్చిన తెలివితక్కువదాన్ని."

ఆమె అరుగు ముందు నిలబెట్టి ఆ చరణం సరిగ్గా పాడమంది. పాడాను. ఇంకా గట్టిగా అంది. ఇరుగుపొరుగు బయటికొచ్చారు. మూడుసార్లు పాడించింది. మూడోసారికి నా గొంతు నిలవలేదు. మా అమ్మ గుర్తొచ్చి ఏడ్చాను, దాచుకోవడానికేం లేదు. సుగుణమ్మ లోపలికి వెళ్లి అన్నం పెట్టింది.

ఆఖరి గంప

మరుసటి ఏడు ఆఖరి కోత రోజుకు సెలవు పెట్టాను. ఆఫీసరుగారు కారణం అడిగితే మిరపకాయలు కోయడానికి అన్నాను. ఆయన వాచీ చూసుకుని సంతకం పెట్టారు.

పొద్దున్నే చేలో ఉన్నాను. నాకూ ఒక సాలు ఇచ్చారు. గంట తిరక్కుండా వేళ్లు మండటం మొదలైంది, పొరపాటున కన్ను తుడుచుకుని ఇంకో గంట ఏమీ కనపడకుండా కూర్చున్నాను. అది చూసి ముఠాలో కొందరు ఏడాది తర్వాత మొదటిసారి కలిసి నవ్వారు. దీవెనమ్మ ఇంకా పాట ఎత్తుకోలేదు. మార్తమ్మ, కరుణమ్మ వచ్చారు. రాహేలు ఆ రోజుకు ట్రైనింగు స్కూలు ఎగ్గొట్టి వచ్చింది. వెంకాయమ్మ గరికపాడు నుంచి లారీలో వచ్చి దిగింది. సుగుణమ్మ రాలేదు. దీవెనమ్మ చేతులు పని చేస్తున్నాయి గానీ కళ్లు మాటిమాటికీ దారి వైపే వెళ్తున్నాయి. ఐదుగురూ లేకుండా ఆమె అడగదు. అడిగితే ఒకచోట జవాబు ఉండదు. వాళ్లు తనను నమ్మారో లేదో ఆ సాయంత్రంతో తేలిపోతుందని ఆమెకు తెలుసు.

పొద్దు వాలుతుండగా బస్సు దిగి నడిచి వచ్చింది సుగుణమ్మ. గంప తీసుకుని దీవెనమ్మ పక్క సాల్లోకి దిగింది. కాసేపటికి దీవెనమ్మ పాట ఎత్తుకుంది. ఐదు చరణాలూ పాడారు. ఊరబావి దూరాన నిలవమంది అని పదిహేనుమంది గట్టిగా పాడారు.

కల్లంలో ఎర్రగా పరిచి ఉంది పంట. ఆఖరి గంప పోస్తూ దీవెనమ్మ అడిగింది, ఎవరి వేళ్లు మండెనమ్మా అని. మొదటి ఆమె తన పేరు చెప్పింది. మళ్లీ అడిగింది, రెండో ఆమె చెప్పింది. అలా ఐదుసార్లు అడిగింది. నాలుగోసారి రాహేలు తన పేరు కాకుండా తన తల్లి పేరు చెప్పింది. ఆరోసారి ఎవరూ అడగలేదు. దీవెనమ్మ ఖాళీ గంప దులుపుకుంది, అందరూ చీరలు దులుపుకుని ఇళ్లవైపు మళ్లారు.

ఆరోసారి నేను అడుగుదామని నోటిదాకా వచ్చింది. అడిగి దీవెనమ్మ పేరు చెబుదామని. ఎంత అన్యాయం అనిపించిందో చెప్పలేను. పన్నెండేళ్లు ఈ పాటను మోసింది ఆమె, అందులో ఆమె పేరు లేదు. నోరు తెరిచి, మూసుకున్నాను. నేను కట్టిన ఏ పాటకంటే కూడా ఆ మూసుకోవడం నాకు కష్టమైంది.

ఆ చరణం రేడియోలో పాడొద్దన్నారు, పాడలేదు. రాయొద్దని మాత్రం అనలేదు. ఇప్పుడు రాయొచ్చా అని రాహేలును అడిగాను, ఆమె టీచరుగా చేసి రిటైరై నందిగామలోనే ఉంది. మిగతావాళ్ల ఇళ్లకు కూడా వెళ్లి, ఉన్న పిల్లలను అడిగాను. అందరూ సరేనన్నారు. ఈ పాట మీరెక్కడైనా పాడితే ఈ వరసలోనే చెప్పండి. మార్తమ్మ. సుగుణమ్మ. కరుణమ్మ. చిట్టెమ్మ. వెంకాయమ్మ. దీవెనమ్మ పేరు కూడా చేర్చాలనిపిస్తుంది మీకు. చేర్చకండి.